వేసవి గాలివానలు: ముందుసూచనలను తూచి వాడుకొను విధము

రైతుల ఉపయోగార్థము

ఉద్దేశము

తాబి వరి, అనగా యాసంగి వరి, కోతకు వచ్చుటయు, మిరప కల్లములలో ఎండుటయు, మామిడికాయ ముదురుటయు ఒక్క కాలముననే జరుగును. ఆ కాలమే తెలంగాణములోను, రాయలసీమలోను, కోస్తా జిల్లాలలోను గాలివానలు, వడగండ్లు, పిడుగులు వచ్చు కాలము. ఉత్తరాభాద్ర కార్తె మొదలు రోహిణి కార్తె వరకు, అనగా మార్చి నడుమ నుండి జూను మొదటి వారము వరకు, ఈ భయము వీడదు. నెలల తరబడి పెట్టిన పెట్టుబడియు, పడిన కష్టమును ఇంటికి చేరుటకు పది దినములు మాత్రమే మిగిలియుండగా, ఒక్క సాయంకాలము అరగంట వీచిన గాలి ఆ ఫలమును నేలపాలు చేయగలదు.

ఈ గాలివానల దెబ్బ ఎంతటిదో గడచిన సంవత్సరములే చెప్పును. 1888 ఏప్రిలు 30వ తేదీన ఉత్తరదేశమున మొరాదాబాదు ప్రాంతమున పడిన వడగండ్లకు 246 మంది మరణించిరి. వడగండ్ల వలన కలిగిన ప్రాణనష్టములలో ఇదియే మిక్కిలి పెద్దదని ప్రపంచ వాతావరణ సంస్థ నమోదు చేసినది. 2014 ఫిబ్రవరి చివరను, మార్చి మొదటి పక్షమునను మరాఠ్వాడా, విదర్భ ప్రాంతములలో వడగండ్లు దినముల తరబడి పడి గోధుమ, శనగ పైరులను, పండ్ల తోటలను పాడుచేసినవి. 2018 ఏప్రిలు 24వ తేదీన ఆంధ్రప్రదేశములో 13 గంటల కాలములో 36,749 పిడుగులు లెక్కకు వచ్చినవి. 2023 మార్చి నడుమ వికారాబాదు జిల్లాలో వడగండ్లు నేలను తెల్లగా కప్పివేసినవి.

పూర్వము ఇట్టి ఉపద్రవము చెప్పక వచ్చెడిది. ఇప్పుడు ముందుసూచనలకు కొదువ లేదు. వాతావరణ శాఖ వారి ప్రకటనలు, పత్రికలు, రేడియో, చేతిలోని మొబైలు ఫోను, వీనికి తోడు వాతావరణమునందు ఆసక్తి గల ఔత్సాహికుల మాటలు రైతు చెవిని దినమెల్ల పడుచున్నవి. ఒకరు రేపు వచ్చునందురు, ఒకరు రాదందురు, వచ్చునన్న దినమున రాక, రాదన్న దినమున వచ్చుటయు కలదు. రైతు ఒకటి రెండు మారులు మోసపోయితినని తలచి, సూచనలనన్నిటిని ఒక్క గాటనే కట్టి విడిచిపెట్టుచున్నాడు. ఇది గొప్ప నష్టమునకు మూలము. సూచన జ్యోతిషము వంటిది గాదు, తూకపురాయి వంటిది. దానిని త్రాసులో నుంచి వాడుకొను విధమును తెలుపుటకే ఈ పత్రము వ్రాయబడినది.

1. గాలివాన పుట్టు విధము

గాలివాన పుట్టుటకు నాలుగు సాధనములు కావలెను. మొదటిది వేడి. చైత్ర వైశాఖములలో మధ్యాహ్నమునకు నేల మిక్కిలి కాగి, దానినంటియున్న గాలి తేలికయై పైకి లేవజూచును. రెండవది తేమ. బంగాళాఖాతము మీదుగా దక్షిణపు దిక్కునుండియు, ఆగ్నేయమునుండియు వచ్చు గాలి ఈ తేమను మోసికొని వచ్చును. మూడవది పైన చల్లదనము. నేలకు అయిదారు కిలోమీటర్ల ఎత్తున వాయవ్యము నుండి చల్లని పొడిగాలి వీచిన యెడల, క్రింది వేడిగాలి ఆగక పైకి దూసికొనిపోవును. నాలుగవది ప్రేరణము. క్రింది తేమగాలియు, పొడిగాలియు కలిసికొను గీత ఒకటి విదర్భ నుండి తెలంగాణము, రాయలసీమ, లేదా కర్ణాటకపు లోపలి భాగముల మీదుగా తమిళదేశము వరకు వేసవిలో తరచుగ ఏర్పడును. ప్రకటనలలో దీనినే ద్రోణి యందురు. ఆ గీత పొడవునను, దానికి తూర్పునను మేఘములు లేచును.

అట్లు లేచిన మేఘము 12 నుండి 15 కిలోమీటర్ల ఎత్తు వరకు పెరుగగలదు. నడుమ నుండి పై భాగమంతయు గడ్డకట్టు చలిలో నుండును. అక్కడ మంచుపలుకులు, చిన్న గడ్డలు ఒకదానితో నొకటి తాకుటచే విద్యుత్తు పుట్టి పిడుగగును. పైకి ఎగదన్ను గాలి బలముగ నున్నచో మంచుగడ్డ క్రింద పడక నీటిని చుట్టుకొని పెరిగి పెరిగి, గాలి మోయలేనంత బరువైన పిమ్మట వడగల్లై రాలును. వాన చినుకులు క్రింది పొడిగాలిలో ఆవిరి యగునప్పుడు ఆ గాలి చల్లబడి బరువెక్కి నేలపై కూలును. కుండెడు నీరు అరుగుపై ఒక్కమారు గుమ్మరించిన అది నలుప్రక్కల పారునట్లు, ఆ చల్లగాలి నేలనంటి నలుదిక్కుల దూకును. వానకు ముందు దుమ్ము లేపుచు వచ్చు ఈదురుగాలి ఇదియే.

ఇక సూచన యొక్క మేలును, మితియు నిందు తెలియును. పొయ్యిపై ఎసరు కాగుచున్నప్పుడు అది మరికొంత సేపటికి మరుగునని ఎవరైనను చెప్పగలరు. మొదటి బుడగ గిన్నెలో ఏ చోట లేచునో ఎవరును చెప్పజాలరు. పై నాలుగు సాధనములు రేపు కూడునా లేదా యని శాస్త్రజ్ఞులు నేడు చెప్పగలరు. కూడినప్పుడు ఏ యూరిపై మేఘము లేచునో అది లేచువరకు చెప్పలేరు. వడగండ్లు పడు పట్టీ తరచుగ సన్ననిది. ఒక యూరి మామిడి నేలరాలగా, పొలిమేర కావలి యూర ఒక్క కాయయు రాలక పోవుట రైతులకు తెలిసినదే. కాబట్టి జిల్లాకు ఇచ్చిన సూచన తన పొలమున నెరవేరకపోయినంత మాత్రమున అది తప్పిన సూచన కాదు.

2. సూచనల తరగతులును, వాని భాషయు

1875లో స్థాపింపబడిన భారత వాతావరణ శాఖ వారి సూచనలను రైతు మూడు తరగతులుగ ఎంచుకొనవలెను.

మొదటిది రాబోవు నాలుగైదు దినముల సూచన. ఇది పెద్ద ప్రాంతమునకు చెప్పునది. వ్యవసాయ విశ్వవిద్యాలయముల కేంద్రములతో కలిసి మంగళ, శుక్ర వారములలో వెలువరించు వ్యవసాయ సలహాలు ఈ తరగతిలోనివి. కోత నాటికి కూలీలను, యంత్రమును కుదుర్చుకొనుటకు ఇది పనికివచ్చును.

రెండవది నేటికిని రేపటికిని జిల్లావారీగ ఇచ్చు హెచ్చరిక. ఇది రంగులతో తెలుపబడును. ఆకుపచ్చ యనిన హెచ్చరిక లేదు. పసుపు యనిన గమనించుచుండవలెను. నారింజ యనిన సిద్ధముగ నుండవలెను. ఎరుపు యనిన వెంటనే పని చేయవలెను. ఈ రంగు వాన కురియు అవకాశమును మాత్రమే గాక, కురిసినచో కలుగు హానిని కూడ లెక్కించి నిర్ణయింపబడును.

మూడవది తక్షణ సూచన. ఇది రాబోవు మూడు గంటలకు మాత్రమే చెల్లును. హైదరాబాదు, మచిలీపట్నము, విశాఖపట్నము మొదలగు చోట్ల నున్న రాడారులు రేడియో తరంగములను పంపి, చినుకులకును వడగండ్లకును తగిలి మరలివచ్చిన తరంగములను బట్టి మేఘ మెక్కడ నున్నదో, ఎటు కదలుచున్నదో కనిపెట్టును. మొదటి రెండు తరగతులు ఎసరు కాగుటను చెప్పును. ఈ మూడవది లేచిన బుడగను చూపును. పొలమునకు నిజముగ దగ్గరైన మాట ఇదియే. కాని దానికి మిగులు వ్యవధి గంటయో రెండు గంటలో మాత్రమే.

ప్రకటనలలోని మాటలకు నియమితమైన అర్థము కలదు. "ఒకటి రెండు చోట్ల" వాన యనిన, ఆ ప్రాంతములోని వానకొలత కేంద్రములలో నూటికి 25కు మించకుండ వాన పడుట. "కొన్ని చోట్ల" యనిన 26 నుండి 50 వరకు. "అనేక చోట్ల" యనిన 51 నుండి 75 వరకు. "దాదాపు అన్ని చోట్ల" యనిన అంతకు పైన. ఒకటి రెండు చోట్ల యని చెప్పిన దినమున నాలుగింట మూడు కేంద్రములు పొడిగ నుండుట ఆ సూచనలోనే యిమిడియున్నది.

గాలి వేగమును గూడ అంకెలతో చెప్పుదురు. గంటకు 40 నుండి 50 కిలోమీటర్ల గాలికి చెట్ల పెద్దకొమ్మలు ఊగును; బరువు పెట్టని టార్పాలిను ఎగిరిపోవును. 50 దాటిన చెట్టు చెట్టంతయు ఊగును. 62 దాటిన చిన్నకొమ్మలు విరుగును. ఎదురుగాలిని నడచుట కష్టము. 75 దాటిన పెంకులు, రేకులు లేవనారంభించును. ప్రకటనలో వినిన అంకెను తన కొట్టము, తన తోట, తన కుప్ప ఎంతవరకు తట్టుకొనునో దానితో సరిచూచుకొనుట రైతు పని.

3. సూచన తప్పెనను మాటను పరీక్షించుట

"పదిసారులు చెప్పిరి, ఏడుసారులు రాలేదు, ఇట్టి సూచన దేనికి?" అని రైతు లడుగుదురు. ఈ ప్రశ్నకు సమాధానము అమెరికాదేశపు అనుభవమునందు కలదు. ఆ దేశపు నడిమి మైదానములలో మార్చి నుండి జూను వరకు వచ్చు గాలివానలు మిక్కిలి ఘోరమైనవి. వానియందు టోర్నడో యను సుడిగాలి పుట్టి యిండ్లను పునాదులతో పెకలించును. వసంతకాలపు గాలివానల ముందుసూచన అచ్చటనే మొదట శాస్త్రముగ పెరిగినది.

1884లో ఆ దేశపు సైన్యమునకు చెందిన జాన్ పార్క్ ఫిన్లీ టోర్నడోలను ముందుగ చెప్పుటకు పూనుకొనెను. అతని సూచనలు 2,803. వానిలో నూటికి 96 కంటె ఎక్కువ సరిపోయినవని లెక్క తేలినది. ఆ సంవత్సరముననే గిల్బర్టు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ లెక్కను విప్పి చూపెను. ఫిన్లీ టోర్నడో వచ్చునని చెప్పినవి 100. వచ్చినవి అందు 28. రాదని చెప్పగా వచ్చినవి 23. రాదని చెప్పగా రానివి 2,680. ప్రతిదినము "రాదు" అని కన్నులు మూసికొని చెప్పినవాడు నూటికి 98 సరిగా చెప్పినవాడగును! అయినను అట్టివాని మాట ఎవరి నొక్కరిని గాని కాపాడదు. ఫిన్లీ మాటలు నూటికి 72 వట్టివైనను, వచ్చిన 51 టోర్నడోలలో 28 ముందుగ తెలిసినవి.

దీనివలన తెలియవలసిన దేమనగా, సూచనను పరీక్షించునప్పుడు రెండు వేరు ప్రశ్నలు అడుగవలెను. వచ్చునన్నప్పుడు ఎన్నిమారులు వచ్చెను? వచ్చినప్పుడు ఎన్నిమారులు ముందుగ చెప్పిరి? అరుదైన ఉపద్రవము విషయమున ఈ రెండవ ప్రశ్నకే విలువ యెక్కువ. వట్టిపోయిన హెచ్చరికకు రైతు చెల్లించునది కొంత కూలి. చెప్పక వచ్చిన గాలివానకు చెల్లించునది పంట.

ఆ పిమ్మట అమెరికా ప్రభుత్వము వారు, ఆ పేరు వినిన జనులు భీతిల్లుదురని తలచి, టోర్నడో యను మాటయే సూచనలలో వాడకుండ చేసిరి. ఆ నిషేధము 1938 వరకు సాగెను. 1948 మార్చి 20వ తేదీన ఓక్లహోమా రాష్ట్రములోని టింకర్ విమానస్థావరముపై టోర్నడో విరుచుకుపడి విమానములను ముక్కలు చేసెను. ఫాబుష్, మిల్లర్ అను ఇరువురు సైనికాధికారులు ఆ దినపు వాతావరణ పటములను శోధించి, ఉపద్రవమునకు ముందు ఏ గుర్తులు కూడెనో పట్టికగ వ్రాసికొనిరి. అయిదు దినములకే, మార్చి 25న, అవే గుర్తులు మరల కూడుట చూచి వారు హెచ్చరిక చేసిరి. విమానములను, సామగ్రిని భద్రము చేసిరి. ఆ సాయంకాలమే అదే స్థావరముపై మరల టోర్నడో వచ్చెను. చెప్పినది నిజమగుటకంటె, చెప్పిన వెంటనే విమానములను కొట్టములలో చేర్చుట ఇందు ముఖ్యము.

నేడు ఆ దేశమున ఓక్లహోమాలోని నార్మన్ పట్టణమున నున్న గాలివానల ముందుసూచన కేంద్రము ప్రతిదినము దేశపటముపై అపాయమును అయిదు మెట్లుగ గీచి ప్రకటించుచున్నది. ఈ అయిదు మెట్ల పద్ధతి 2014 నుండి అమలులో నున్నది. అందలి అంకెకు అర్థము స్పష్టము. నూటికి 15 యని చెప్పిన చోట, అట్టి నూరు దినములలో సుమారు 15 దినములందు, ఆ చోటికి 40 కిలోమీటర్ల లోపల ఎక్కడనో ఒకచోట తీవ్రమైన గాలియో, వడగండ్లో వచ్చును. తక్కిన 85 దినములు ఊరకయే గడచును. అట్లు గడచినప్పుడే ఆ సూచన సరియైనదగును.

4. ఔత్సాహికుల మాటలు

అమెరికాలో వసంతము వచ్చినది మొదలు వాతావరణ ఔత్సాహికులు ప్రతిదినపు ప్రకటనను ముందుంచుకొని చర్చింతురు. తేమ ఎంత లోతున్నది, పైగాలికిని క్రిందిగాలికిని వేగమునందు తేడా ఎంత, ఉదయపు మేఘము నేలను కాగనిచ్చునా, మెట్టు ఎందుకు పెంచిరి, ఎందుకు తగ్గించిరి యని వారు వాదించుకొందురు. తెలుగుదేశములోను అట్టి ఆసక్తిపరులు ఇప్పుడు పెక్కుమంది కలరు. వారు రాడారు చిత్రములను, గణకయంత్రములు గీచిన పటములను ఫోనుల ద్వారా అందరికిని పంపుచున్నారు.

వీరి వలన మేలు కలదు. శాఖవారి క్లుప్తమైన ప్రకటనకు వీరు తెలుగులో వివరణ చెప్పుదురు. తమ యూర మేఘము లేచిన వెంటనే తెలుపుదురు. కాని కీడును కలదు. గణకయంత్రముల పటములు అనేకములు. అందు మిక్కిలి భయంకరమైన దానిని ఏరి, వారము ముందే చాటుటయు, నిరుటి వడగండ్ల చిత్రమును నేటిదని పంపుటయు జరుగుచున్నది. కాబట్టి ఎవరి మాట వినినను రైతు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను:

ఒకటి, ఈ మాట మొదట చెప్పినవారెవరు? శాఖవారా, వేరొకరా?

రెండు, ఎప్పుడు చెప్పిరి? తేదీయు, గంటయు లేని సూచనను నమ్మరాదు.

మూడు, ఏ చోటికి చెప్పిరి? రాష్ట్రమునకా, జిల్లాకా, మండలమునకా?

నాలుగు, ఏ వేళకు చెప్పిరి? మూడు గంటలకా, రేపటికా, వారమునకా?

ఈ నాలుగింటికి సమాధానము లేని మాటను ఇతరులకు పంపకుండుట మంచిది. శాఖవారి హెచ్చరికయు, ఔత్సాహికుని మాటయు భిన్నముగ నున్నచో, శాఖవారి దానినే పట్టుకొనవలెను. కాని కన్నులయెదుట పడమట నల్లని మేఘము లేచియుండగా ఏ ప్రకటన కొరకును ఎదురుచూడరాదు.

5. ఖర్చును, నష్టమును తూచుట

సూచన వినిన పిమ్మట "వచ్చునా, రాదా" యని తర్కించుట వలన ఫలము లేదు. "ఈ పని చేసిన ఖర్చెంత, చేయకున్న నష్టమెంత, వచ్చు అవకాశమెంత" యని మూడు అంకెలు వేసికొనవలెను. నష్టములో ఖర్చు ఎన్నవ వంతో చూచి, అవకాశము ఆ వంతు కంటె ఎక్కువైనచో పని చేయవలెను; తక్కువైనచో మానవలెను.

ఉదాహరణకు ఒక రైతు కల్లములో ధాన్యపు కుప్ప కలదనుకొందము. దానిని కూలీలతో ప్రోగుచేయించి కప్పుటకు 1,000 రూపాయలు. కప్పక తడిసినచో నష్టము 20,000 రూపాయలు. ఖర్చు నష్టములో 20వ వంతు. వాన వచ్చు అవకాశము నూటికి 5 దాటినచో కప్పుటయే లాభము. నాలుగింట ఒక అవకాశము గల హెచ్చరికలు 20 వచ్చిన, అతడు 20 మారులును కప్పి 20,000 రూపాయలు వెచ్చించును. వాన 5 మారులు వచ్చును. కప్పనివాడు 1,00,000 రూపాయలు పోగొట్టుకొనును. 15 మారులు కూలి వ్యర్థమైనదని నవ్వినవారు, ఈ లెక్క చూచిన పిమ్మట నవ్వరు.

అదే రైతు పూర్తిగ పండని చేనిని గాలివాన భయముచే వారము ముందే కోయించిన, గింజ తాలుపడి 8,000 రూపాయల నష్టము వచ్చుననుకొందము. అది 20,000లో అయిదింట రెండు వంతులు. నాలుగింట ఒక అవకాశమునకు అట్టి పని చేయరాదు. ఇందుండి తేలు నియమము సులభము: కొద్ది ఖర్చుతో నగు పనిని బలహీనమైన హెచ్చరికకే చేయవలెను; పెద్ద ఖర్చుతో నగు, మరల సరిదిద్దరాని పనిని బలమైన హెచ్చరికకే చేయవలెను. ప్రాణము విషయమున త్రాసు అక్కరలేదు. ఉరుము వినబడిననే చాలును.

6. ఏ సూచనకు ఏ పని

నాలుగైదు దినముల సూచనలో గాలివాన మాట వినినప్పుడు: కోతకు సిద్ధమైన మడిని ముందుగ కోయించి, సగము పండినదానిని ఆపవలెను. కోతయంత్రమును, బండిని ముందుగ మాటాడుకొనవలెను. టార్పాలినులకు చిరుగులున్న కుట్టించవలెను. మందు చల్లుటయు, ఎరువు వేయుటయు వాయిదా వేయవలెను, వానకు కొట్టుకొనిపోవును.

పసుపు రంగు వచ్చిన దినమున: ధాన్యము ఆరబోయుటకు ఉదయపు ఎండనే వాడుకొని, మధ్యాహ్నము మూడు గంటలకు ప్రోగు చేయవలెను. కొనుగోలు కేంద్రములలో తేమ నూటికి 17కు మించరాదను నియమముండుటచే రైతులు ధాన్యమును దినముల తరబడి ఆరబోయుదురు. తడిసినచో ఆ యెండ యంతయు వృథా. కుప్ప ఎత్తైన చోట నుండవలెను. చుట్టును జానెడు లోతు కాలువ తీసి నీరు పోవు దారి చేయవలెను. టార్పాలిను అంచులపై రాళ్లో, ఇసుకసంచులో ఉంచవలెను. కల్లములోని మిరపకాయలను రాత్రి ఆరుబయట విడువరాదు.

నారింజ రంగు వచ్చిన దినమున: పండిన వరిమడిలో నీరు తీసివేయవలెను, తడినేలలో పైరు సులభముగ పడిపోవును. ముదిరి కోతకు వచ్చిన మామిడికాయను ఉదయముననే కోయవలెను. లేతకాయను భయపడి కోయరాదు. అది పండదు, ధర రాదు. అరటిచెట్లకు ఊతకర్రలు బిగించవలెను. కొట్టపు రేకులకు తీగలు కట్టవలెను. పశువులను చెట్ల క్రింద కట్టక, సాయంకాలమునకు ముందే కొట్టమునకు తోలవలెను.

ఎరుపు రంగు గాని, తక్షణ సూచనలో తన మండలము పేరు గాని వచ్చినప్పుడు: కొత్త పని ఏదియు మొదలుపెట్టరాదు. మిగిలిన కప్పుట ముగించి మనుష్యులు పక్కా యింటిలోనికి చేరవలెను. పంపుసెట్టు స్టార్టరును, తీగలను ముట్టరాదు.

వాన వెలిసిన పిమ్మట: పడిపోయిన పండిన వరిలో నిలిచిన నీరు వెంటనే తీసివేయవలెను. గింజ మొలకెత్తకుండుటకు లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నులు తడియునట్లు చల్లవలెను. రాలిన పచ్చిమామిడికాయలను పారవేయక ముక్కలు కోసి ఒరుగులుగ ఎండబెట్టిన కొంత సొమ్ము చేతికి వచ్చును. నిజామాబాదు బజారున ఆమ్‌చూరునకు గిరాకి కలదు. ప్రధానమంత్రి ఫసలు బీమా వర్తించు చోట నష్టమును 72 గంటలలోగ తెలుపవలెను.

7. పిడుగు

పంట పోయిన మరల పండును. పిడుగుపాటునకు మన దేశమున ఏటేట రెండువేలకు పైబడి మనుష్యులు మరణించుచున్నారు. వారిలో పెక్కుమంది పొలములలో పనిచేయువారే. వాన చినుకు పడకమునుపే, మేఘమునకు దూరమున గూడ పిడుగు పడగలదు.

మెరుపు కనబడిన పిమ్మట ఉరుము వినబడువరకు క్షణములు, అనగా సెకండ్లు, లెక్కించవలెను. మూడు సెకండ్లకు సుమారు ఒక కిలోమీటరు దూరము. 30 సెకండ్ల లోపల ఉరుము వినబడిన పిడుగు పది కిలోమీటర్ల లోపల నున్నది. పని మాని యిల్లు చేరవలెను. కడపటి ఉరుము వినిన పిమ్మట 30 నిమిషముల వరకు పొలమునకు పోరాదు. ఒంటిచెట్టు క్రింద, మంచె మీద, నీరు నిలిచిన మడిలో, ఇనుపకంచె ప్రక్కన నిలువరాదు. తలుపులు మూసిన మోటారుబండి లోపల క్షేమము. ట్రాక్టరుపై, మోటారుసైకిలుపై క్షేమము లేదు. దిక్కులేని చోట చిక్కినచో, గుంపుగ నుండక దూరదూరముగ విడిపోయి, పాదములు చేర్చి గొంతుకూర్చుండవలెను, నేలపై పండుకొనరాదు. పిడుగు తగిలినవాని శరీరమునందు విద్యుత్తు నిలిచియుండదు; అతనిని వెంటనే ముట్టి చికిత్స చేయవచ్చును. ఊపిరియు, గుండెయు ఆగినచో రొమ్మును గట్టిగ అదుముచు వైద్యుని పిలిపించవలెను.

పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థవారు చేసిన దామిని యను ఫోను సాధనము దగ్గరలో పడుచున్న పిడుగులను తెలుపును. ఇంటికొక్కరైనను దీనిని పెట్టుకొని, పొలములోని కూలీలకు తెలుపుట భూస్వామి యొక్క విధి. కూలి పోవునని చెట్టుక్రింద ఆగినవాడు మరణించుటకు రైతు కారకుడు కారాదు.

8. రైతు లెక్కపుస్తకము

ప్రతి రైతు వేసవి మూడు నెలలు ఒక చిన్న పుస్తకములో దినమునకొక పంక్తి వ్రాయుట మంచిది. నాలుగు గడులు చాలును: తేదీ, జిల్లాకు వచ్చిన రంగు, తన యూర వచ్చినది గాలియా, వానయా, వడగండ్లా, ఏమియు లేదా, తాను చేసిన పనియు, దాని ఖర్చును. వేసవి ముగిసిన పిమ్మట ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు దినములను వేరువేరుగ కూడి, ఒక్కొక్క రంగునకు తన యూర ఎన్నింట ఎన్ని నెరవేరినవో చూడవలెను. పసుపునకు పదింట ఒకటియు, నారింజకు పదింట మూడును వచ్చెననుకొందము. ఆ అంకెలే మరుసటి సంవత్సరము త్రాసులో నుంచవలసిన తూకపురాళ్లు. ఊరిలో పదిమంది ఇట్లు వ్రాసి సరిచూచుకొనిన, రచ్చకట్టపై జరుగు వాదములకు మంచి ఆధారము దొరకును. రంగులతో పాటు తన పుస్తకమును చదువుకొను రైతు, ఒక్క వట్టి హెచ్చరికకు విసుగక, ఒక్క నిజమైన హెచ్చరికకు బెదరక పని చేయగలడు.

సారాంశము

1. గాలివానకు అనువైన దినమును ముందుగ చెప్పవచ్చును. అది పడు పొలమును ముందుగ చెప్పరాదు.

2. వారపు సూచనకు ఏర్పాటు, రంగునకు పని, తక్షణ సూచనకు ఆశ్రయము.

3. ఎవరు, ఎప్పుడు, ఏ చోటికి, ఏ వేళకు చెప్పిరని అడుగక ఏ మాటను నమ్మరాదు, ఇతరులకు పంపరాదు.

4. ఖర్చు కొద్దియైన పనిని చిన్న హెచ్చరికకే చేయవలెను. ఖర్చు పెద్దదైన పనికి బలమైన హెచ్చరిక కావలెను.

5. వచ్చునని చెప్పగా రాని దినములను మాత్రమే గాక, చెప్పగా వచ్చిన దినములను గూడ వ్రాసి లెక్కింపవలెను.

6. ఉరుము వినబడిన యెడల పనిని, పంటను, పశువును విడిచి ముందుగ మనుష్యులు ఇల్లు చేరవలెను.